మూడో కూతకు వెళ్ళే పిల్లల లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు, కబడ్డీ శిక్షకులకు బహిరంగ లేఖ



జట్టుగా ఆడే ఏ ఆటలోనూ బరువు అందరి మీదా సమానంగా పడదు. ఒకరిద్దరి పాత్ర మిగతావారి పాత్రలకన్నా కష్టంగా ఉంటుంది, ఓడినప్పుడు నింద కూడా ముందుగా వారినే వెతుక్కుంటూ వస్తుంది. అయినా ఆ పాత్రలో ఉన్న పిల్లలు మనసు చెదరకుండా ఆడటం ఎలాగో నేర్పడం శిక్షణలో భాగంగా కనబడటం అరుదు. ‘ధైర్యంగా ఉండు’ అన్న మాటతో ఆ పని అయిపోయిందని అనుకోవడం మామూలు. కష్టమైన పాత్రలో ఉన్నవారి నిబ్బరం ధైర్యవచనాల వల్ల నిలబడదనీ, ఆ పాత్రలో ఎన్ని వైఫల్యాలు సహజమో ముందే తెలిసి ఉండటం వల్లా, చేసిన పనికి తగిన లెక్క పుస్తకంలో పడుతుందన్న నమ్మకం వల్లా నిలబడుతుందనీ చెప్పడమే ఈ లేఖ ఉద్దేశం. ఆ లెక్క ప్రస్తుతం ఉపాధ్యాయుల చేతిలో ఉంది గనుక లేఖ వారికే చేరాలి.

ఈ మూడు ఊళ్ళనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు మూడూ నల్లగొండ జిల్లావే; ఇప్పుడు కోదాడ సూర్యాపేట వైపు, మిర్యాలగూడ నల్లగొండ వైపు ఉన్నా, సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాలూ, కోతలు ముగిశాక సంక్రాంతి రోజుల్లో పల్లెల్లో పెట్టే కబడ్డీ పోటీలూ వాటిని కలిపే ఉంచుతున్నాయి. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలోనే జరిగాయి. మార్చి 22 సాయంత్రం ఆటలు మొదలవబోయే వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడటంతో ఆ పోటీల పేరు దేశమంతా వినబడింది. ఆ ప్రమాదం నుంచి నిర్వాహకులు నేర్చుకోవలసినవి ఈ లేఖ పరిధిలోకి రావు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: జూనియర్లు అంటే 20 ఏళ్ళ లోపువారు, వారి ఆట చూడటానికి గ్యాలరీలు నిండే ప్రాంతం ఇది. అంతమంది కళ్ళముందు ఒంటరిగా కూతకు వెళ్ళి పట్టుబడటం పదిహేనేళ్ళ పిల్లవాడికి చిన్న సంగతి కాదు.

చదివేవారిలో చాలామందికి కొట్టినపిండే అయినా, వాదనంతా నియమాల మీదే ఆధారపడింది గనుక వాటిని ఒకసారి వరుసలో పెట్టుకోవాలి. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్యగీత దాన్ని ఆరున్నర మీటర్ల చొప్పున రెండు భాగాలు చేస్తుంది. కూతకు వెళ్ళే ఆటగాడు, అంటే రైడర్, ఏడుగురు కాచుకుని ఉన్న ఎదుటి భాగంలోకి ఒంటరిగా వెళ్ళి, కూత ఆపకుండా, వారిలో ఒకరినైనా తాకి మధ్యగీతకు తిరిగిరావాలి. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాల్క్ లైన్‌ను ఎవరినీ తాకకుండా, ఒక్కసారి కూడా దాటకుండా వెనక్కి వస్తే అతడు ఔటవుతాడు. దానికి మరో మీటరు లోపల బోనస్ లైన్ ఉంటుంది. ఎదుట ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు మాత్రమే, ఒక కాలు ఆ గీత అవతల మోపి రెండో కాలు గాలిలో ఉంచగలిగితే ఒక పాయింటు వస్తుంది. వెనకటి చెడుగుడులో కూత ఎంతసేపన్నది ఊపిరే నిర్ణయించేది. ఇప్పటి పోటీల్లో దానికి 30 సెకన్ల గడువు కూడా తోడైంది.

ఒకరికి ఏడుగురు ఎదురుగా ఉండటమే కష్టమైతే, అంతకన్నా కష్టమైన సందర్భాన్ని కొత్త నియమాలు సృష్టించాయి. బాల్క్ లైన్ దాటినా పాయింటు తేకుండా, తాను పట్టుబడకుండా తిరిగివచ్చిన కూతను ఖాళీ కూత అంటారు, వ్యాఖ్యాతల భాషలో అది ఎంప్టీ రైడ్. ఒక జట్టు వరుసగా రెండు ఖాళీ కూతలు వేస్తే మూడోది ‘డూ ఆర్ డై’ కూత అవుతుంది. అందులో పాయింటు తేకుండా తిరిగివచ్చిన ఆటగాడు పట్టుబడకపోయినా ఔటే, పైగా ఎదుటి జట్టుకు ఒక పాయింటు. ఆట నీరసంగా సాగకుండా ఉండటానికి ప్రో కబడ్డీ లీగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ నియమం ఆటను వేగవంతం చేసిన మాట నిజమే. అయితే అది ఒక వింత అన్యాయాన్ని కూడా వెంట తెచ్చింది. మామూలు కూతలో కాపు కాసేవారు, అంటే డిఫెండర్లు, ఏదో ఒకటి చేస్తేనే వారికి పాయింటు వస్తుంది. మూడో కూతలో వారు వెనక గీత దాకా జరిగి ఏమీ చేయకుండా నిలబడినా పాయింటు వచ్చేస్తుంది. వచ్చినవాడు లోతుకు రాక తప్పదని వారికి తెలుసు, వారికి తెలుసని వచ్చినవాడికీ తెలుసు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని గుర్తించేవారు తక్కువ. ‘రెండు ఖాళీ కూతలు’ అన్న లెక్క జట్టుది, ఆటగాడిది కాదు. ప్రధాన రైడర్ రెండుసార్లు జాగ్రత్తగా వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాక, అతడు ఔటైతే జట్టుకు నష్టమని తలచి, మూడోసారి రెండో వరుస కుర్రవాణ్ణి పంపే శిక్షకులు చాలామంది ఉన్నారు. వ్యూహంగా అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని చేసిన అప్పు ఒకరిది, తీర్చవలసినవాడు మరొకడు అయినప్పుడు, తీర్చలేకపోయినవాడి పేరే పుస్తకంలో ఎక్కుతుంది. జిల్లా జట్టు ఎంపిక రోజున ఆ పుస్తకం తెరిచి చూసేవారికి, ఆ కుర్రవాడు ఎన్నిసార్లు పట్టుబడ్డాడో కనిపిస్తుంది గాని ఏ కూతల్లో పట్టుబడ్డాడో కనిపించదు. ఎనిమిదో తరగతి గణితంతోనే దీన్ని ఊహించి చూడవచ్చు. సమానమైన నైపుణ్యం ఉన్న ఇద్దరిలో ఒకడికి ఇరవై మామూలు కూతలు, ఇంకొకడికి మూడో కూతలే ఇరవై అప్పగించారనీ, మామూలు కూతలో పదింటికి నాలుగు, మూడో కూతలో పదింటికి మూడు ఫలిస్తాయనీ అనుకుంటే, మొదటివాడి పేర ఎనిమిది విజయాలు, రెండోవాడి పేర ఆరు నమోదవుతాయి. నైపుణ్యం సమానమని ముందే ఒప్పుకున్నా పుస్తకం మాత్రం రెండోవాణ్ణి తక్కువవాడిగా చూపిస్తుంది. రెండోవాడికి కూడా ఆ పుస్తకం తప్ప వేరే అద్దం లేకపోతే, తాను తక్కువవాణ్ణేనని అతడూ నమ్ముతాడు.

వైఫల్యాల వరుస గురించి కూడా ఇలాంటి లెక్కే ఒకటి ప్రతి శిక్షకుడి దగ్గరా ఉండాలి. పది కూతల్లో సగటున నాలుగు ఫలించే రైడర్‌ను తీసుకుంటే, ఒక్కో కూత విఫలమయ్యే అవకాశం పదింట ఆరు. ఆ లెక్కన ఒక మ్యాచ్‌లో పదిసార్లు కూతకు వెళ్ళే ఆ రైడర్‌కు ఎక్కడో ఒకచోట కనీసం మూడు వైఫల్యాలు వరుసగా ఎదురయ్యే సంభావ్యత సుమారు 70 శాతం. అంటే ప్రతి పది మ్యాచుల్లో దాదాపు ఏడింటిలో, ఆటలో ఏ లోపమూ లేకపోయినా, ఒళ్ళు సహకరించకపోవడం అంటూ ఏమీ లేకపోయినా, అతడు వరుసగా మూడుసార్లు విఫలమై తీరతాడు. నిజమైన ఆటలో కూతలు పాచికల్లా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడవు; ఎదుటివారు అతడి అడుగును పసిగట్టిన కొద్దీ వరుస ఇంకా పొడవు కావచ్చు. మూడు వైఫల్యాలు వరుసగా రాగానే ‘ఇవాళ వీడిది కాదు’ అని తీర్పు చెప్పే అలవాటు, మైదానం పక్కనే కాక ఇంట్లో టీవీ ముందు కూడా, ఈ చిన్న లెక్క తెలియకపోవడం వల్లే బతుకుతోంది. పిల్లవాడికి ఈ 70 శాతం సంగతి ఆటకు ముందే తెలిస్తే మూడో వైఫల్యం అతడికి అపశకునంగా తోచదు, రావలసిన రోజున వచ్చిన అతిథిలా తోస్తుంది.

సానుకూల దృక్పథం అన్న మాట ఈ మధ్య వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల పుణ్యమా అని బాగా అరిగిపోయింది. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండటం, ప్రతి ఓటమికీ ‘ఏం పర్లేదు’ అనడం దాని లక్షణాలని పిల్లలు అనుకుంటున్నారు. అది నిజం కాదనడానికి క్రికెట్ నుంచి ఒక ఉదాహరణ ఉంది. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద 216 పరుగుల లక్ష్యంతో ఆడుతున్న భారత జట్టు 124 పరుగులకే ఎనిమిది వికెట్లు పోగొట్టుకున్నప్పుడు, నడుము నొప్పితో వంగలేని స్థితిలో ఉన్న వి.వి.యస్. లక్ష్మణ్ చివరి వరుస బౌలర్ ఇషాంత్ శర్మతో కలిసి 81 పరుగులు జోడించి, 73 పరుగులతో అజేయంగా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో ఆటను గెలిపించాడు. మృదుస్వభావానికి పేరుపొందిన ఆ హైదరాబాదీ ఆటగాడు చివరి నిమిషాల్లో పరుగుకు కదలని ప్రజ్ఞాన్ ఓజా మీద బ్యాటు ఎత్తి కేకలు వేయడం టీవీ చూసినవారందరికీ గుర్తే. ఆ కేకలో కోపం ఉంది, నిరాశ లేదు. ఆట ఇంకా చేతిలోనే ఉందని నమ్మినవాడికే అంత కోపం వస్తుంది. కాబట్టి కష్టమైన పాత్రలో ఉన్న పిల్లవాడు ముఖం ముడుచుకుంటే అది ప్రతికూల దృక్పథమని తొందరపడి తీర్మానించకూడదు. తరువాతి కూతకు వెళ్ళడానికి అతడు సిద్ధంగా ఉన్నాడా లేడా అన్నదే పరీక్ష.

ఆ సిద్ధపాటు తయారయ్యే చోటు ఒకటుంది. ఔటైన ఆటగాళ్ళు వెనక గీత అవతల సిట్టింగ్ బ్లాక్‌లో కూర్చోవాలి. తమ జట్టు ఎదుటివారిని ఔట్ చేసినప్పుడు, ఎవరు ముందు ఔటయ్యారో వారు ముందు అన్న క్రమంలో, ఔటుకు ఒకరు చొప్పున లోపలికి వస్తారు. మూడో కూతలో విఫలమైన పిల్లవాడు తన వల్ల పోయిన పాయింటును నెమరు వేసుకుంటూ, చేయడానికి పనేమీ లేకుండా, సహచరుల చూపులు తప్పించుకుంటూ గడిపేది అక్కడే. ఆట మొత్తంలో మనసు ఎక్కువగా విరిగే ఆ కొద్ది నిమిషాలకు శిక్షణలో చోటే లేదు. అతడికి ఒక పని అప్పగించాలి: ఎదుటి జట్టు ఎడమ మూలలో కాచేవాడు, అంటే లెఫ్ట్ కార్నర్, ఏ కాలు ముందు కదుపుతున్నాడు, చీలమండ పట్టుకు వంగేముందు చూపు ఎటు తిప్పుతున్నాడు, పక్కన కవర్‌లో ఉన్నవాడు ఎంత ఆలస్యంగా తోడు వస్తున్నాడు అన్నవి గమనించి, తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఆ మూడు సంగతులూ సహచరుడికి చెప్పాలి. అప్పుడు ఔటైన సమయం శిక్షగా కాక కాపలాగా మారుతుంది, చూసివచ్చిన కబురు జట్టుకు పనికొస్తుంది.

ధైర్యం చెప్పడం కన్నా పని చెప్పడం మేలన్న ఇదే సూత్రం ఆటగాడు తనకు తాను చెప్పుకునే మాటల విషయంలోనూ వర్తిస్తుంది. ఆటగాళ్ళు లోలోపల చెప్పుకునే మాటల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి గ్రీసుకు చెందిన ఆంటోనిస్ హట్జిగియోర్గియాడిస్ బృందం 2011లో ప్రచురించిన సమీక్ష, అలాంటి మాటలు మొత్తంమీద ఆటను మెరుగుపరుస్తాయనీ, సూక్ష్మమైన కదలికలకు మాత్రం ‘నేను చేయగలను’ వంటి ఉత్సాహవాక్యాలకన్నా ఏం చేయాలో చెప్పే సూచనావాక్యాలు ఎక్కువగా ఉపకరిస్తాయనీ తేల్చింది. కబడ్డీలో బలంతో కూడిన పనులే ఎక్కువైనా, కాలి బొటనవేలితో మూలవాణ్ణి తాకి వెనక్కి లాగడం సూక్ష్మమైన పనే. మూడో కూతకు లేచిన పిల్లవాడి చెవిలో పడవలసింది ‘గెలవాలిరా’ అన్న మాట కాదు, ‘కుడి మూల, కాలు, వెనక్కి’ అన్నంత పొట్టి మాట.

కష్టమైన పాత్ర ఎంత గొప్పవాడినైనా ఎలా మింగగలదో తెలియడానికి తెలుగు టైటాన్స్ చరిత్ర చాలు. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు సారథి పవన్ సెహ్రావత్‌ను ఆ జట్టు ప్రో కబడ్డీ పదో సీజన్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. లీగ్‌లో అప్పటికి అదే అత్యధిక ధర. అంతకు ముందు సీజన్‌లో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై మిగతా ఆటలన్నిటికీ దూరమైనవాడు, తిరిగివచ్చి టైటాన్స్ సారథిగా ఆ సీజన్‌లో రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచుల్లో రెండే గెలిచి, వరుసగా మూడో సీజన్ కూడా పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కడి కూత మీద నడిచే జట్టు ఎంత గొప్ప కూతతోనైనా గట్టెక్కదని తెలుస్తుంది. జట్టు ఓడింది కాబట్టి ఆ పాత్రలో ఉన్నవాడు విఫలుడని తేల్చడానికి వీలులేదని కూడా అవే చెబుతున్నాయి. 2025లో, పవన్ వేరే జట్టుకు వెళ్ళాక, విజయ్ మలిక్, భరత్ హుడా కూత భారాన్ని పంచుకున్న టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరింది. సూర్యాపేటలో ఆ జట్టును అభిమానించే పిల్లలు పవన్ గాల్లోకి ఎగరడం చూసి మురిసిపోయినంతగా ఈ పంపకాన్ని గమనించి ఉండరు, దాన్ని చూపించవలసిన బాధ్యత పెద్దలదే.

కాపు కాసే వైపు కూడా ఇంతటి కష్టం ఒకటి ఉంది. ఏడుగురిలో నలుగురో ఐదుగురో ఔటై ముగ్గురు లేదా ఇద్దరు మిగిలినప్పుడు, వాళ్ళూ ఔటైతే జట్టంతా ఆలౌటై ఎదుటివారికి రెండు అదనపు పాయింట్లు వెళతాయి. పిల్లలు ఆ దశలో ఆట అయిపోయిందని చేతులు జారవిడుస్తారు. నిజానికి నియమాలు అక్కడ వారి పక్షానే కొంత మొగ్గాయి. ముగ్గురు లేదా అంతకు తక్కువమంది మాత్రమే మిగిలి ఉండగా రైడర్‌ను పట్టుకుంటే అది సూపర్ ట్యాకిల్, ఒకటికి బదులు రెండు పాయింట్లు; ఎదుట ఆరుగురు లేరు గనుక రైడర్‌కు బోనస్ గీత పనిచేయదు, అతడు తాకి తీరవలసిందే. మామూలు పట్టు మూడింట రెండుసార్లు ఫలిస్తే వచ్చే రాబడి, సూపర్ ట్యాకిల్ మూడింట ఒకసారి ఫలించినా వస్తుంది. మిగిలిన ముగ్గురికీ ఈ సంగతి తెలియడమంటే కష్టమైన స్థానంలోనూ తమకంటూ కొన్ని అనుకూలతలు ఉన్నాయని తెలియడమే. ఇక్కడ మరొక మాట. కాపు కాసేవారు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడే ఆట కబడ్డీ తప్ప అంతగా వేరొకటి లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2008-09 సీజన్ ఆరంభపు ఆటలను పరిశీలించిన బర్క్లీ పరిశోధకులు, భుజం తట్టడం, చేయి చేయి కలపడం వంటి స్పర్శలు ఎక్కువగా ఉన్న జట్లు సీజన్ ముందుకు సాగేకొద్దీ మెరుగ్గా ఆడాయని 2010లో ప్రచురించారు. స్పర్శ వల్లే గెలిచారని దాని అర్థం కాదు, సఖ్యత ఉన్న జట్టులో రెండూ ఉండవచ్చు. అయినా పట్టుబడి బయటికి నడుస్తున్నవాడి భుజం మీద మొదటి చేయి ఎవరిదన్నది శిక్షకులు గమనించదగిన విషయం.

ఈ పిల్లలే సాయంత్రం ఫోన్లలో ఆడే ఆటల్లోనూ ఇదే కథ నడుస్తోంది. నలుగురి జట్టుగా ఆడే బీజీఎంఐలో శత్రువులను కాల్చిన సంఖ్య ఒక్కొక్కరి పేరు పక్కన మెరుస్తుంది. కాల్పుల మధ్య పాకుతూ వెళ్ళి పడిపోయిన సహచరుణ్ణి లేపినవాడికి, అంటే రివైవ్ చేసినవాడికి, మిత్రుల మధ్య అంతటి కీర్తి దక్కదు.  అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ తన ‘ఓవర్‌వాచ్’ ఆటలో, జట్టు ముందు నిలబడి దెబ్బలు కాచుకునే ట్యాంక్ పాత్రకు మనుషులు దొరకక ఇబ్బంది పడింది. 2019లో ఒక్కో పాత్రకు ఇంతమంది అని స్థానాలు కేటాయించాక, ఎక్కువమంది కోరుకునే పాత్రల వారు ఆట కోసం చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చింది. కష్టమైన పాత్రను ఎంచుకున్నవారికి బహుమతులూ, వరుసలో ముందుకు వెళ్ళే వీలూ కల్పించవలసి వచ్చింది. 2022లో వచ్చిన రెండో రూపంలో ట్యాంకుల సంఖ్యను రెండు నుంచి ఒకటికి తగ్గించడంతో, ఓడిన ప్రతిసారీ వేలెత్తి చూపడానికి ఆ ఒక్కడే మిగిలాడన్న ఫిర్యాదు మొదలైంది. వ్యాపార సంస్థల ఆలోచనను బడి మైదానానికి తేవాలని ఎవరూ అనరు. కాని కష్టమైన పాత్రను పిల్లల మంచితనానికి వదిలేస్తే దాన్ని తీసుకునేవారు తగ్గిపోతారనీ, నిర్వాహకులు నియమాలతోనూ గుర్తింపుతోనూ దాన్ని నిలబెట్టవలసి ఉంటుందనీ ఆ సంస్థ డబ్బు పోసి నేర్చుకుంది. బడులకు అది ఉచితంగానే దొరుకుతోంది.

గుర్తింపు అన్నది చివరికి అంకెల్లో కనిపించాలి. 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు చివరి రోజున కాకినాడకు చెందిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అవతల అశ్విన్ 39 పరుగులతో తోడుగా నిలవగా భారత్ ఆ ఆటను డ్రాగా ముగించింది. పరుగుల పట్టికలో 23 అన్నది అల్పమైన అంకె. పక్కన 161 అన్న ఇంకో అంకెను అచ్చువేసే ఆచారం క్రికెట్‌కు ఉండబట్టే ఆ ఇన్నింగ్స్ విలువ ఎప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. బడి కబడ్డీ పుస్తకంలో ఆ రెండో అంకెకు చోటు లేదు. పాయింటు వచ్చిందా, ఆటగాడు ఔటయ్యాడా అన్నది మాత్రమే అందులో ఉంటుంది.

అందుకే ఈ లేఖ కోరేది పెద్ద ఖర్చు లేని పని. మండల పోటీల నుంచి ప్రతి కూతకూ స్కోరు పుస్తకంలో రెండు గడులు అదనంగా గీయించాలి: ఎదుట ఎంతమంది ఉన్నారన్నది ఒకటి, అది మూడో కూతా కాదా అన్నది రెండోది. అండర్-14, అండర్-17 జట్ల ఎంపికలో మామూలు కూతల ఫలితాన్నీ మూడో కూతల ఫలితాన్నీ వేరువేరుగా చూడాలి. ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడు పట్టిన పట్లను ఇంకొక వరుసలో రాయాలి. రాసేవారు దొరకరన్న మాట నిలవదు, సిట్టింగ్ బ్లాక్ వెనక బెంచీ మీద అదనపు ఆటగాళ్ళు ఐదుగురు ఎలాగూ కూర్చునే ఉంటారు. సాధన మ్యాచుల్లో మూడో కూత ఒక్కడి మెడకే చుట్టుకోకుండా వంతులవారీగా అందరికీ ఇవ్వాలి, ప్రధాన రైడర్‌కు కూడా. ఆ స్థానంలో నిలబడి చూసినవాడు మరునాడు దాన్ని వేళాకోళం చేయడు. బాలికల జట్ల విషయంలో ఇది మరింత అవసరం, ఎందుకంటే ఒక్క పోటీలో నలుగురి ముందు తగిలిన మాట పడలేక మైదానానికి రావడం మానేసే ప్రమాదం వారి విషయంలో ఎక్కువ, మాన్పించడానికి ఇంటివారికి అంతకు మించిన సాకు కూడా అక్కరలేదు.

ప్రేక్షకులకు చెప్పవలసిందీ ఉపాధ్యాయుల ద్వారానే వెళ్ళాలి. సంక్రాంతి పోటీల్లో మైకు పట్టుకునేవారు ఊరి యువకులో బడి పంతుళ్ళో అయి ఉంటారు. మూడో కూతకు లేచినవాడి పేరుతో పాటు ఇది మూడో కూత అని, తప్పక లోతుకు వెళ్ళవలసిన కూత అని ఒక్క మాట మైకులో చెబితే, పట్టుబడిన తరువాత వచ్చే కేక మారుతుంది. తెలియక చేసే ఎగతాళి తెలిశాక కొంతైనా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, మన ఊళ్ళ సంగతి అందరికీ తెలిసిందే.

సీఎం కప్ పోటీలకూ, పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలకూ జట్లను ఎంచే సమయంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉపాధ్యాయులు ఈ రెండు గడులను ఒక్క సీజన్ పాటు నింపి చూడాలనీ, ఆ పుస్తకాలను ఎంపిక సంఘాల ముందు పెట్టాలనీ, వచ్చిన ఫలితం అనుకూలమైనా ప్రతికూలమైనా రెండు జిల్లాల శిక్షకులూ ఒకచోట కూర్చుని చర్చించాలనీ విన్నపం.